దీపాలు వెలిగించిన తాత, పాటలు అమర్చిన మనుమడు

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాయమని సంపాదకవర్గం వారు కోరినపుడు ఎవరి గురించి రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. దేశనాయకుల గురించి, కవుల గురించి మన సభ్యులలో నాకంటె బాగా రాయగలవారు ఉన్నారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రిక్రియేషన్ క్లబ్బు తరపున బృందగానంలో పాడేవాణ్ణి. ఆ అభిరుచి వల్ల ఎప్పుడో పరిచయమైన పేరు హారీ బర్లీ. అమెరికాలో నల్లజాతి వారి పాటలను మేళానికి, కచేరీకి అనువుగా అమర్చిన తొలితరం సంగీతకారుడు ఆయన. అన్నిటికంటె మనబోటి వాళ్ళకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఆయన ఒకే చోట 52 సంవత్సరాలు ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశారు. మనలో ముప్పై అయిదేళ్ళు దాటిన సర్వీసు ఉన్నవాళ్ళనే ఎంతో గొప్పగా చెప్పుకుంటాం కదా!

బర్లీ 1866 డిసెంబరు 2వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ పట్టణంలో జన్మించారు. అదే పేరుగల పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు అది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. తండ్రి ఆ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసిన వ్యక్తి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగానే కాలం చేశారు. కనుక బర్లీ కథలో మనం ముందుగా చెప్పుకోవలసింది తల్లి గురించి, తల్లికి తండ్రి అయిన తాతగారి గురించి.

తాతగారి పేరు హామిల్టన్ వాటర్స్. మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టారు. 1830ల్లో తనకూ, తన తల్లికీ కలిపి 55 డాలర్లు యజమానికి చెల్లించి స్వేచ్ఛ కొనుక్కున్నారు. మనిషికి వెలకట్టే రోజుల్లో కూడా అది చాలా తక్కువ ధర. అప్పటికే ఆయన చూపు మందగించింది, తల్లి వృద్ధురాలు. పనికిరారని యజమాని చవకగా వదిలేశాడేమో అని నాకు అనిపిస్తుంది. ఆయన ఈరీకి వచ్చి స్థిరపడి, వీధిదీపాలు వెలిగించే పని, ఊళ్ళో చాటింపు వేసే పని చేశారు. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చే బానిసలకు చాటుగా సాయపడ్డారని కూడా చెబుతారు. చూపు దాదాపుగా పోయిన తరువాత దీపాలు వెలిగించడానికి మనుమలు తోడు వెళ్ళేవారు. చీకటి పడే వేళ వీధి వీధికీ నడుస్తూ, దీపం తరువాత దీపం వెలిగిస్తూ తాత పాడే పాటలను హారీ, అతని అన్నదమ్ముడు రెజినాల్డ్ విని నేర్చుకున్నారు. తోటల్లో బానిసలు పాడుకున్న భక్తి పాటలు అవి. వాటిని అమెరికాలో స్పిరిచ్యువల్స్ అంటారు.

తల్లి ఎలిజబెత్ చదువుకున్న మనిషి. కళాశాల పట్టా ఉంది, ఫ్రెంచి, గ్రీకు భాషలు వచ్చు. అయినా వర్ణవివక్ష కారణంగా అర్హతకు తగిన ఉద్యోగం దొరకలేదు. చివరికి ఊళ్ళోని ప్రభుత్వ పాఠశాలలో ఊడ్చి తుడిచే పని చేశారు. పిల్లలు పొద్దున్నే వెళ్ళి తల్లికి సాయం చేసేవారు. ఆ పనితోపాటు ఆవిడ రస్సెల్ అనే సంపన్న కుటుంబంలో, ముఖ్యంగా విందులూ సంగీత సభలూ జరిగే రోజుల్లో, పనికి వెళ్ళేవారు.

ఆ ఇంటికి ఒకసారి రఫాయెల్ యోసెఫీ అనే పేరుగల పియానో విద్వాంసుడు వచ్చాడు. ఆ కచేరీ వినాలని కుర్రవాడికి ఎంతో ఆశ. లోపలికి వెళ్ళే హక్కు లేదు. కిటికీ బయట మోకాలి లోతు మంచులో నిలబడి చివరివరకూ విన్నాడు. తరువాత జబ్బు పడ్డాడు. న్యుమోనియా దాకా వచ్చిందంటారు. సంగతి తెలిసిన తల్లి ఇంటి యజమానురాలిని అడిగి, కచేరీలు జరిగే రోజుల్లో తలుపు దగ్గర నిలబడి అతిథులను ఆహ్వానించే పని కొడుక్కి ఇప్పించింది. అలా అతనికి లోపల నిలబడి వినే అవకాశం వచ్చింది. ఆ తలుపు దగ్గరే అతను తెరెసా కరెన్యో అనే ప్రసిద్ధ పియానో విదుషీమణి వాద్యం విన్నాడు. ఆమెతో పాటు మక్డొవెల్ అనే ఒక ఆవిడ కూడా వచ్చింది. ఆవిడ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు మళ్ళీ వస్తుంది.

పాతికేళ్ళు వచ్చేవరకు బర్లీ చేయని పని లేదు. దీపాలు వెలిగించాడు, పత్రికలు అమ్మాడు, సరస్సు మీద తిరిగే ఓడల్లో వంటగదికి, భోజనశాలకు సంబంధించిన పనులు చేశాడు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని స్టెనోగ్రాఫరుగా కుదిరాడు. మన సభ్యులలో స్టెనోలుగా చేరి పైకి వచ్చినవారు చాలామంది ఉన్నారు, ఈ సంగతి వారికి సంతోషం కలిగించవచ్చు. మరోపక్క ఊళ్ళోని చర్చిల్లోనూ, యూదుల ప్రార్థనామందిరంలోనూ పాడేవాడు. అతనిది బారిటోన్ గొంతు, అంటే మగవారి గొంతులలో మరీ పై స్థాయీ కాని, మరీ మంద్రమూ కాని మధ్యస్థమైన గాత్రం.

1892లో న్యూయార్కులోని నేషనల్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఉపకారవేతనం కోసం పరీక్షకు వెళ్ళాడు. ఆ సంస్థను జనెట్ థర్బర్ అనే మహిళ స్థాపించింది. నల్లజాతి విద్యార్థులను, స్త్రీలను చేర్చుకోవడం ఆ రోజుల్లో అరుదు. అక్కడ చేర్చుకునేవారు. పరీక్షలో బర్లీకి మార్కులు కొద్దిలో తగ్గాయి, ఫలితం ప్రతికూలంగా వచ్చింది. ఇంటికి తిరిగి వెళ్ళవలసిందే అనుకుంటుండగా కార్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న ఆవిడ కనబడింది. ఆవిడ రస్సెల్ గారింట్లో కరెన్యోతో వచ్చిన మక్డొవెల్ గారే. తరువాతి కాలంలో అమెరికాలో పేరు తెచ్చుకున్న స్వరకర్త ఎడ్వర్డ్ మక్డొవెల్‌కు తల్లి. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రవాణ్ణని బర్లీ గుర్తు చేశాడు. ఆవిడ మాట సాయం చేసింది, ఉపకారవేతనం మంజూరైంది. సిఫారసు అంటే మనం ముఖం చిట్లిస్తాం గాని, తలుపు తెరిచే పని చేసినవాడికి తలుపు తెరుచుకోవడం న్యాయమే అనిపిస్తుంది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఐరోపా నుంచి ఆంటొనిన్ ద్వోర్జాక్ ఆ కళాశాలకు డైరెక్టరుగా వచ్చారు. ఆయన బొహీమియా దేశస్థుడు, అప్పటికే ప్రపంచమెరిగిన స్వరకర్త. తన దేశపు పల్లెపాటల పునాది మీద పెద్ద సంగీతాన్ని నిర్మించిన మనిషి. కళాశాల వాద్యబృందంలో బర్లీ డబుల్ బేస్, టింపనీ వాయించేవాడు. స్వరపత్రాలను భద్రపరచడం, కాపీలు రాయడం కూడా అతని పనే. బర్లీ ద్వోర్జాక్ తరగతిలో విద్యార్థి కాడు. కాని ఆ పెద్దమనిషి సాయంకాలాలు ఇతణ్ణి ఇంటికి పిలిపించుకుని పాడించుకునేవాడు. తాతగారి వెంట వీధుల్లో నేర్చుకున్న పాటలన్నీ ఆ ఇంట్లో వినిపించాడు. పాటలో ఏ స్వరం ఎక్కడ ఎలా వంగుతుందో ఆయన ఆపి ఆపి అడిగేవాడట.

1893 మేలో ద్వోర్జాక్ న్యూయార్కు పత్రికలో ఒక అభిప్రాయం ప్రకటించారు. అమెరికా తనదైన సంగీతాన్ని నిర్మించుకోవాలంటే నల్లజాతి వారి పాటలే అందుకు పునాది కావాలన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో ఇది చిన్న మాట కాదు. ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ వినోదాలు నాటకశాలల్లో జోరుగా సాగుతున్న కాలం. ఆ సంవత్సరం డిసెంబరు 16న కార్నెగీ హాలులో ఆయన తొమ్మిదవ సింఫనీ, న్యూ వరల్డ్ అనే పేరుతో ప్రసిద్ధమైనది, మొదటిసారి వినిపించారు. అందులో నెమ్మదిగా సాగే రెండవ భాగం వినని సంగీతాభిమాని ఉండడు. ఆ రాగచ్ఛాయ మనవాళ్ళకు వింటూనే మోహనలా తోస్తుంది. స్పిరిచ్యువల్స్‌లో చాలా పాటలు అయిదు స్వరాల మీద నడిచేవే. ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. ఆ రెండవ భాగానికి మాటలు అమర్చి పాడే గోయింగ్ హోమ్ అనే పాటను చాలామంది పాత స్పిరిచ్యువల్ అనుకుంటారు. అది ద్వోర్జాక్ శిష్యుడు విలియం ఆర్మ్స్ ఫిషర్ 1922లో రాసి ప్రచురించినది.

మరుసటి నెల, 1894 జనవరి 23న, కళాశాల తరపున ఒక సభ జరిగింది. స్టీఫెన్ ఫాస్టర్ రాసిన ఒక పాత పాటను ద్వోర్జాక్ ఇద్దరు గాయకులకు, మేళానికి, వాద్యబృందానికి అమర్చారు. మేళంలో ఉన్నవారు నల్లజాతి వారు. గాయకులుగా సిసెరెట్టా జోన్స్ అనే ప్రఖ్యాత గాయని, హారీ బర్లీ నిలబడ్డారు. ఒక చిన్న పాటను పెద్ద మేళానికి ఎలా అమరుస్తారో ఇరవై ఏడేళ్ళ బర్లీ ఆ రోజు మేళానికి ముందు నిలబడి చూశాడు.

ఆ ఏడాదే ఆయన జీవితంలో ముఖ్యమైన మలుపు. న్యూయార్కులో స్టయ్‌వెసంట్ స్క్వేరు దగ్గరి సెయింట్ జార్జి చర్చిలో బారిటోన్ గాయకుడి ఉద్యోగం ఖాళీ అయింది. అరవై మంది వరకు పోటీ పడ్డారు. బర్లీ ఒక్కడే నల్లజాతివాడు. సంపన్నులైన తెల్లవారు వచ్చే చర్చి అది. ఉద్యోగం ఆయనకు ఇచ్చేసరికి కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. రెక్టారు రెయిన్స్‌ఫర్డ్ తన నిర్ణయానికి కట్టుబడ్డారు. ఆ చర్చికి పెద్ద దిక్కు ప్రఖ్యాత బ్యాంకరు జె.పి. మోర్గన్. ఆయన కూడా బర్లీ పక్షమే వహించారు. మోర్గన్‌కు ఆ గొంతు మీద మక్కువ చివరిదాకా పోలేదు. 1913లో ఆయన చనిపోయినపుడు అంత్యక్రియల ప్రార్థనలో పాడినది బర్లీయే. మొదట అభ్యంతరం చెప్పినవారి సంగతి కాలక్రమంలో అందరూ మరిచిపోయారు. మట్టల ఆదివారం నాడు ఫోర్ అనే ఫ్రెంచి స్వరకర్త పాట ఒకటి బర్లీ పాడటం ఆ చర్చిలో ఆనవాయితీ అయింది. ఏటా ఆ ఒక్క పాట వినడానికే జనం వచ్చేవారు.

1900లో ఎమాన్యు-ఎల్ అనే పెద్ద యూదు ప్రార్థనామందిరంలో కూడా గాయకుడిగా చేరి 25 ఏళ్ళు పాడారు. శనివారం అక్కడ, ఆదివారం ఇక్కడ. బుకర్ టి. వాషింగ్టన్ టస్కెగీ విద్యాలయానికి విరాళాల కోసం తిరిగినపుడు వేసవులలో ఆయన వెంట వెళ్ళి పాడేవారు. లండన్‌లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఎదుట కూడా పాడారు. 1898లో లూయీజ్ ఆల్స్టన్‌ను వివాహమాడారు. ఆమె కవయిత్రి. మరుసటి ఏడు ఆల్స్టన్ అనే కుమారుడు పుట్టాడు. ఆ దాంపత్యం చివరిదాకా కలిసి సాగలేదు. దాని గురించి మనం ఎక్కువ మాట్లాడనవసరం లేదు.

ఇక ఆయన చేసిన అసలు పని గురించి. పాటను మేళానికి అమర్చడం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియదు, నాకూ చాలాకాలం తెలియదు. మా క్లబ్బు బృందగానంలో ఆడవాళ్ళు ఆరుగురు, మగవాళ్ళం ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. మగవాళ్ళ గొంతుకు ఒకటిన్నర శ్రుతి, ఆడవాళ్ళకు అయిదున్నర. ఏ శ్రుతి పెట్టినా ఒక పక్షం వాళ్ళు అరిచేవారు, లేకపోతే రెండో పక్షం వాళ్ళు గొణిగేవారు. ఒక ఏడాది పోటీలో చరణం మధ్యలో పై షడ్జం అందక మగవాళ్ళం అందరం ఒక్కసారిగా ఆగిపోయాం. హాలంతా నవ్వింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి పిల్లలకు చెప్పి నవ్విస్తుంది.

పాశ్చాత్య మేళంలో ఈ చిక్కును ఇంకో విధంగా విప్పుతారు. అందరిచేతా ఒకే స్వరం పాడించరు. ఆడవారిలో పైగొంతులను సోప్రానో అని, కిందిగొంతులను ఆల్టో అని, మగవారిలో పైవారిని టెనార్ అని, మంద్రస్థాయి వారిని బాస్ అని నాలుగు వరుసలుగా విడదీస్తారు. పాట అసలు నడక సాధారణంగా సోప్రానో పాడుతుంది. అదే క్షణంలో తక్కిన మూడు వరుసల వారు వేరువేరు స్వరాలు పాడతారు. అవి ఒకదానితో ఒకటి పొసగాలి. ఒక్కొక్క వరుసకు దాని సొంత నడక ఉండాలి, ఎవరికీ అందని స్వరం ఉండరాదు, మాట స్పష్టంగా వినబడాలి, ఊపిరి తీసుకోవడానికి చోటు ఉండాలి. రాసే మనిషి కాగితం మీద నాలుగు గొంతులను ఒకేసారి మనసులో వినగలగాలి. వాద్యం తోడు లేని పాటైతే మరీ కష్టం. గొంతులే శ్రుతిపెట్టె, గొంతులే మృదంగం.

స్పిరిచ్యువల్స్ విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది. అవి ఎవరో ఒక కవి రాసినవి కావు, కాగితం మీద పుట్టినవి కావు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాటలు. మన నాట్లపాటల్లో ముందు ఒకామె చెప్పడం, వెనక వరుస అంతా అందుకోవడం లేదూ? బుర్రకథలో వంతలు లేరూ? అలాంటి పాటను నాలుగు వరుసల్లో రాసి పెడితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అలాగని రాయకపోతే ఆ తరం ముసలివాళ్ళతోనే పాటలు పోతాయి.

బర్లీకి ముందు ఈ దారిలో నడిచినవారు ఫిస్క్ జూబిలీ సింగర్స్. నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం అప్పుల్లో ఉన్నపుడు 1871లో కొందరు విద్యార్థులు ఊరూరా పాడి డబ్బు కూడబెట్టారు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారే. ఆ పేరుతో తరువాత వెలసిన ఒక బృందం 1889-90లో ప్రపంచయాత్ర చేస్తూ మనదేశానికి కూడా వచ్చి, తాజ్‌మహల్‌లో సైతం పాడింది. వారు పాటలను పైకి తెచ్చారు. బర్లీ వాటికి కచేరీ వేదిక మీద శాశ్వత స్థానం సంపాదించారు.

1913లో కర్ట్ షిండ్లర్ నడుపుతున్న స్కోలా కాంటోరమ్ అనే న్యూయార్కు మేళం కోసం బర్లీ రెండు పాటలను వాద్యం తోడు లేకుండా అమర్చారు. వాటిలో ఒకటి డీప్ రివర్. లోతైన నది ఆవలి ఒడ్డున తన ఇల్లు ఉందని పాడే పాట అది. బానిసలకు ఆ ఆవలి ఒడ్డు అంటే స్వర్గమూ కావచ్చు, పారిపోయి చేరవలసిన ఉత్తరాది రాష్ట్రమూ కావచ్చు. యజమాని విన్నా తప్పు పట్టలేని భాష. మూడేళ్ళ తరువాత, 1916లో, అదే పాటను ఒక్క గొంతుకు పియానో తోడుతో అమర్చి జూబిలీ పాటల సంపుటిలో చేర్చారు. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో పేరున్న గాయకులు ఎందరో దానిని తమ కచేరీల్లో పాడారు. వాళ్ళలో ఎక్కువమంది తెల్లవారే. అంతవరకూ జర్మను, ఫ్రెంచి, ఇటాలియన్ పాటలకే చోటున్న కచేరీలో ఒక బానిస పాట వాటి సరసన నిలిచింది.

ఆయన పద్ధతి ఏమిటంటే, పాట నడకను ముట్టుకోరు. చుట్టూ ఉన్న స్వరాలను తన విద్యనంతా పెట్టి అమరుస్తారు, కాని ఆ విద్య పైకి కనబడనివ్వరు. పాడేవారికి అచ్చులోనే ఒక సూచన ఇచ్చారు. గొంతు అందం కంటె లోపలి భావం ముఖ్యమని, నల్లవారి యాసను వెక్కిరింపుగా అనుకరించడం, చేతులు తిప్పుతూ ఊగడం కూడదని దాని తాత్పర్యం. మిన్‌స్ట్రెల్ వినోదాలు చూసి పెరిగిన మనిషి ఆ హెచ్చరిక చేయడంలో ఆశ్చర్యం లేదు. తరువాత నాట్యాల కోసం ఈ పాటలను జాజ్ బాణీలోకి మార్చినపుడు కూడా ఆయన గట్టిగా నిరసించారు.

అందరూ ఆయనను మెచ్చుకున్నారని చెప్పలేం. 1934లో జోరా నీల్ హర్స్టన్ అనే ప్రసిద్ధ నల్లజాతి రచయిత్రి ఒక వ్యాసంలో ఈ కచేరీ పాటలు అసలు స్పిరిచ్యువల్సే కావని వాదించింది. పల్లెలో జనం పాడేటప్పుడు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదని, స్వరాలు ఒరుసుకుంటాయని, దానిని నునుపు చేసి రాసి పెడితే అది వేరే వస్తువు అవుతుందని ఆమె భావం. ఆమె జానపదాల కోసం ఊళ్ళు తిరిగిన మనిషి కనుక ఆ మాటలో నిజం ఉంది. కాని నాకు మాత్రం అన్నమయ్య రాగిరేకులు గుర్తుకు వస్తాయి. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు పూనుకుని స్వరపరచకపోతే ఆ కీర్తనలు ఇవాళ మన ఇళ్ళలో ఇంతగా వినబడేవా? అన్నమయ్య పాడినట్లే ఉన్నాయా అని అడిగితే జవాబు చెప్పేవారు లేరు. బర్లీ విషయంలోనూ నేను రాసి పెట్టినవారి పక్షమే. ఈ విషయంలో పాఠకులు ఏకీభవించనవసరం లేదు.

పాటల మీద హక్కుల సంగతి కూడా చెప్పాలి. పాత పాట ఎవరి ఆస్తీ కాదు. దాని అమరిక మాత్రం అమర్చినవారి సొత్తు. హోటళ్ళు, నాటకశాలలు స్వరకర్తలకు దమ్మిడీ ఇవ్వకుండా వారి పాటలు వాడుకునే రోజుల్లో, 1914లో, ఆస్కాప్ అనే సంఘం ఏర్పడింది. స్వరకర్తలు, రచయితలు, ప్రచురణకర్తలు కలిసి రుసుము వసూలు చేసి పంచుకునే సంఘం. దాని వ్యవస్థాపక సభ్యులలో బర్లీ ఒకరు. 1941లో పాలకవర్గంలోకి ఎన్నికయ్యారు. సంఘం లేకపోతే విడివిడిగా ఎవరికీ ఏమీ రాదని మన పెన్షనర్లకు ఒకరు చెప్పనవసరం లేదు. మరోవైపు, మిలాను నగరానికి చెందిన రికోర్డి ప్రచురణ సంస్థ న్యూయార్కు శాఖలో సంపాదకుడిగా ఆయన దశాబ్దాల తరబడి పనిచేశారు. చర్చి ఉద్యోగం ఆదివారాలది, ఇది వారమంతా వెళ్ళే ఆఫీసు ఉద్యోగం.

స్పిరిచ్యువల్స్ కాక ఆయన సొంతంగా స్వరపరచిన పాటలు కూడా అనేకం. వాటిలో మనకు చుట్టరికం కలిగినవి అయిదున్నాయి. 1915లో వెలువడిన ఆ అయిదు పాటలకు మాటలు లారెన్స్ హోప్ అనే కవి రాసినవి. మగపేరే గాని ఆమె అడెలా ఫ్లోరెన్స్ నికల్సన్ అనే ఆంగ్ల వనిత, మనదేశంలో కాపురమున్న ఒక సైనికాధికారి భార్య. కాశ్మీరం, అడవిపూలు, విరహం ఆమె కవితల్లోని వస్తువులు. 1904లో భర్త మద్రాసులో మరణించగా, ఆ దుఃఖం భరించలేక రెండు నెలలు తిరగకముందే ఆమె విషం తాగి అదే మద్రాసులో కన్నుమూసింది. దంపతుల సమాధి అక్కడి సెయింట్ మేరీస్ శ్మశానంలో ఉంది. మద్రాసులో ఉద్యోగాలు చేసిన మన సభ్యులు ఎన్నోసార్లు ఆ గోడ పక్కగా నడిచి ఉంటారు.

గౌరవాలు వచ్చాయి. 1917లో స్పింగార్న్ పతకం, 1918లో అట్లాంటా విశ్వవిద్యాలయం నుంచి, 1920లో హోవార్డ్ విశ్వవిద్యాలయం నుంచి గౌరవ పట్టాలు లభించాయి. రోలండ్ హేస్, పాల్ రోబ్సన్, మేరియన్ ఆండర్సన్ వంటి తరువాతి తరం గాయకులు ఆయన అమర్చిన పాటలను దేశదేశాలా వినిపించారు. ఆండర్సన్ 1957లో మనదేశానికి వచ్చి ఢిల్లీలో గాంధీజీ స్మారకం దగ్గర పాడిన సంగతి పెద్దలకు గుర్తుండవచ్చు. చర్చిలో ఆయన సర్వీసు 30 ఏళ్ళు నిండిన 1924లో, కేవలం స్పిరిచ్యువల్స్‌తో ఒక సాయంకాల ప్రార్థన ఏర్పాటు చేశారు. అది ఏటేటా సాగింది. ఒకప్పుడు ఆయనను చేర్చుకోవద్దన్న ఆ చర్చిలోనే తెల్లవారి మేళం నిలబడి ఆయన తాత పాటలు పాడింది. చెప్పుకోవడానికి ఇంతకంటె పెద్ద సన్మానం ఏముంటుంది?

1894లో 50 ఏళ్ళు కలిపితే 1944. అప్పుడు కూడా ఆయన ఉద్యోగంలోనే ఉన్నారు. 1946లో, 79వ ఏట, పదవీ విరమణ చేశారు. ఆ తరువాతి రోజులు సుఖంగా గడవలేదు. ఆరోగ్యం, జ్ఞాపకశక్తి క్షీణించాయి. కుమారుడు ఆయనను వృద్ధులను చూసుకునే ఆశ్రమంలో ఉంచవలసి వచ్చింది. మొదట లాంగ్ ఐలండ్‌లో ఒకచోట, తరువాత కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో. 1949 సెప్టెంబరు 12న అక్కడే గుండె ఆగి మరణించారు. అంత్యక్రియలు సెయింట్ జార్జి చర్చిలో జరిగాయి. రెండువేల మంది దాకా వచ్చారు. న్యూయార్కు శివార్లలోని హేస్టింగ్స్‌లో ఖననం చేశారు. 1994లో ఈరీ పట్టణవాసులు ఆయన అవశేషాలను తమ ఊరికి తరలించుకుని అక్కడి శ్మశానంలో తిరిగి సమాధి చేశారు.

ఆయన గొంతుతో మనకు మిగిలిన రికార్డు ఒకటుంది. 1919లో బ్రూమ్ అనే చిన్న కంపెనీ తీసిన గ్రామఫోను రికార్డు, మోషేను గురించిన స్పిరిచ్యువల్ అది. కిందటి వేసవిలో మా మనుమడు సెలవులకు వచ్చినపుడు తన ఫోనులో వెతికి నాకు వినిపించాడు. గరగరమనే చప్పుడు ఎక్కువ. అది ఇసక రాలుతున్నట్లు ఉంది తాతయ్యా, పాట ఏదీ అన్నాడు. చెవి ఆనించి వినమన్నాను. కాసేపటికి వాడే ఇంకోసారి పెట్టాడు.